ఓడ ముందరి నీరు

వజ్రం జిగురు పూర్తిగా కరగడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంటా గంగులు రేకుల షెడ్డులో చిన్న గ్యాసు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కర్రతో కలుపుతూనే ఉంటాడు. అడుగంటితే జిగురు మాడిపోతుంది. పొంగితే బలం పోతుంది. యాభై మూడేళ్ళుగా అతని రోజు ఇలాగే మొదలవుతోంది. తోలూ కొమ్మూ ఉడికినట్టుండే ఆ వాసనకు దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. అతనికి మాత్రం అది కాఫీ కంటే ముందు అందవలసిన వాసన.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చుట్టిన పరదాలు మోసీ మోసీ ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. గోళ్ళ మూలల్లో నీలం ఎప్పుడో చేరి, ఇక పోనని కూర్చుంది. కోటబొమ్మాళికి రెండు మైళ్ళ దూరంలోని ఆ ఊళ్ళో అందరూ వరి పండిస్తారు. గంగులు వాటా పొలం కూడా అన్నే దున్నుకుంటున్నాడు. గంగులు మాత్రం పద్నాలుగో ఏట విజయనగరం వెళ్ళి, నాటకాల పరదాలు రాసే గురువు దగ్గర చేరాడు. అప్పటినుంచీ దర్బారులు, అడవులు, వీధులు, సముద్రాలు రాస్తూనే ఉన్నాడు. నాటకాలు తగ్గాక పాత పరదాలకు మరమ్మతులు చేస్తున్నాడు.

జిగురు వడకట్టి, డబ్బా పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. గోడకు మేకులతో బిగించిన ఆరడుగుల గుడ్డ మీద ఓడ ఉంది. బూడిదరంగు యుద్ధనౌక. రెండు పొగగొట్టాలు. కిందికి వంచిన తుపాకులు. పైన బారుగా నిలబడిన నావికులు, టోపీలు చేతుల్లో పట్టుకుని తలలు వంచుకుని. ఆ తలలన్నీ ఒక్కొక్కటిగా వేయడానికి అతనికి పదకొండు రోజులు పట్టింది. ఈవేళ మిగిలిన పని ఆకాశం అంచు సరిచేయడం, కుడిమూల పేరు రాయడం, అంతే.

కాని ఓడ ముందర నీరు మారిపోయి ఉంది.

నిన్న మధ్యాహ్నం సంతకు వెళ్ళేటప్పుడు అక్కడ తెల్లని నురగ ఉంది. ఓడ మూతి నీటిని చీల్చుకుని వస్తుంటే, రెండు పక్కలా సుడులు తిరుగుతూ లేచే పాలనురుగు. అతనే వేశాడు. సాయంత్రం చీకటి పడ్డాక వచ్చి, ఇటు చూడకుండానే భోంచేసి పడుకున్నాడు. ఇప్పుడు ఆ నురగ లేదు. దాని చోట బరువైన, మెరుపు లేని నీరు. ఓడ నీడ ఆ నీటిలోకి దిగి, ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోయింది. నీరు ఓడకు అడ్డమూ రావడం లేదు, దారీ ఇవ్వడం లేదు. ఓడ వస్తోంది. కాని దానికి రావాలని లేదు.

గంగులు డబ్బా కింద పెట్టి దగ్గరికి వంగాడు. కుంచె జాడ కోసం వెతికాడు. కనబడలేదు. రంగు ఏమిటో పోల్చుకోబోయాడు. నీలం ఉంది. మిగతాది తెలియలేదు. కడుపులో ఎక్కడో, ఆకలి వేసే చోటుకు కొంచెం పైన, సన్నని మంట లేచింది. ఆ మంట అతనికి కొత్తదేమీ కాదు. నాలుగేళ్ళుగా తెలుసు.

కోడలు శ్రావణి ఇంటికొచ్చి నాలుగేళ్ళయింది. భావనపాడు తీరంలో జీడితోటల వాళ్ళ పిల్ల. ఇంటర్ చదివింది. మొదట గుడ్డకు పిండి పట్టించడానికి సాయం వచ్చేది. తరవాత రంగులు నూరేది. ఒకరోజు అడవి పరదాకు ఆకులు వేయమంటే, అతను పూటంతా వేసేవి రెండు గంటల్లో వేసింది. ఆ పరదా తీసుకోవడానికొచ్చిన నాటకసంఘం వాళ్ళు ముందు ఆకులే చూశారు. "ఎవుల్దండీ ఈ కొత్త సెయ్యి?" అన్నారు. ఆనాటినుంచి ఎవరైనా షెడ్డుకు వస్తున్నారని తెలిస్తే గంగులు ఆమెను ఏదో పని మీద ఇంట్లోకి పంపేవాడు. మంచి కుంచెలు ఆమెకు అందకుండా దూలం మీద పెట్టుకునేవాడు. కొడుకు గిరిబాబు గరివిడిలో ఫెర్రో ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ అక్కడే గదిలో ఉండి, వారానికోసారి వచ్చేవాడు. క్వార్టరు తీసుకుని పెళ్ళాన్ని తీసుకుపొమ్మని నెల నాళ్ళుగా కొడుకు వెంటపడ్డదీ గంగులే. చివరికి క్వార్టరు దొరికింది. ఈ రోజు మధ్యాహ్నం ప్రయాణం.

మరిడమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి, భర్త మొహం చూసి, తరవాత గోడకేసి చూసింది.

"నురగేదీ?" అంది.

"నీ కోడల్నే అడుగు."

"నువ్వు సంతకెల్నాక ఇక్కడ కూకున్నాది. నానేదో తుడుస్తన్నాదనుకున్నాను." ఇంకాసేపు చూసింది. "బాగున్నాది."

"బాగున్నాదని నీకెవులు సెప్పినారు?"

"నాకు కళ్ళు లేవేటి? నీ పరదాలు నలభయ్యేల్లు దులిపి ఎండబెట్టినాను. ఆపాటి తెలీదా?" గ్లాసు అతని చేతిలో పెట్టింది. "ఎల్లిపోయే పిల్ల మీద ఏటి ముసిలోడా, ఆ మొకం? కాఫీ తాగు, సల్లారిపోతాది."

ఆ బొమ్మ మామూలు పని కాదు. పక్క ఊళ్ళో కొత్తగా గ్రంథాలయం కట్టారు. ఆ ఊరి అప్పలనరసింహం తెల్లదొరల కాలంలో నౌకాదళంలో బాయిలర్ దగ్గర పనిచేశాడు. నలభై ఆరులో నావికులంతా తిరగబడ్డప్పుడు అతనూ తిరగబడ్డాడు. ఐదారు రోజులు ఓడ వాళ్ళ చేతుల్లోనే ఉందట. తరవాత పెద్దలు లొంగిపొమ్మన్నారని రేవుకు తిరిగొచ్చారట. ఉద్యోగం తీసేసి ఇంటికి పంపితే, వచ్చి నాగలి పట్టాడు. ఆ ఓడ తిరిగొస్తున్న బొమ్మ గ్రంథాలయంలో ఉండాలని అతని మనవడు తిరుమలరావు, బడిపంతులు, గంగులును వెతుక్కుంటూ వచ్చాడు. ఒక పాత ఓడ ఫొటో ఇచ్చాడు. తలలు వంచుకుని నిలబడ్డారని మా తాతగారు చెప్పేవారన్నాడు. వెళ్తూ, "కుడి మూల మీ పేరు రాయండి మేస్టారూ. రేపు ఎవరేశారని పిల్లలు అడుగుతారు కదా" అన్నాడు.

పరదా మీద ఎవరూ పేరు రాసుకోరు. పరదా మీద ఉండేది సంఘం పేరు, లేకపోతే గుడ్డ కొనిచ్చిన షావుకారు పేరు. గంగులు గుండ్రటి అక్షరాలతో రెండు జిల్లాల సంఘాల పేర్లన్నీ రాశాడు. తన పేరు రాయమన్నవాడు లేడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఒక్క బొమ్మ. అది తనది. మొత్తం తనదే అయి ఉండాలి.

శ్రావణి తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చిన్న మొహం. ఎప్పుడూ ఏదో వింటున్నట్టు కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది తల. గోడకేసి చూసి, మామ మొహంకేసి చూసింది.

"సెయ్యి పెట్టినావేటి?" అన్నాడు గంగులు.

"నీల్లే కదా మావా. నీల్లూ ఆకాసం సిస్సులవని మీరే సెప్పినారు. ఓడ ముట్టలేదు."

నిజమే. అది పరదాల వాళ్ళ పద్ధతి. మనుషులూ మేడలూ గురువువి, నీళ్ళూ ఆకాశం శిష్యుడివి. విజయనగరంలో పదకొండేళ్ళు గంగులు వేసినవి నీళ్ళే.

"నురగెందుకు తీసినావు?"

ఆమె తువ్వాలు కొస విప్పి మళ్ళీ చుట్టుకుంది. "మా ఊల్లో ఒకపాలి బోటు మీద నలుగురెల్లి ముగ్గురొచ్చినారు మావా. నాను ఒడ్డునే ఉన్నాను. రోజూ ఇంజను పెట్టి జోరుగా వస్తారు కదా, ఆ పొద్దు ఇంజను సంపీసినారు. బోటు ముందర నురగ లేదు. నీరు నూనె లాగుండిపోనాది."

"ఇది బోటు కాదు. ఓడ. యుద్దం ఓడ."

"నీరు నీరే కదా మావా," అంది మెల్లగా. మరిడమ్మ లోపలినుంచి సంచీకి తాడు కావాలని కేకేస్తే వెళ్ళిపోయింది.

నీరు నీరే. గంగులు ఆ మాట రెండుసార్లు లోలోపల అనుకున్నాడు. అరవై ఏడేళ్ళ వయసులో అతను సముద్రం చూసింది లెక్కపెట్టగలిగినన్ని సార్లు. అతని సముద్రం గురువు నేర్పింది. రాముడు వారధి కట్టేటప్పటి సముద్రం, వంకీలు తిరిగిన అలలూ అంచులకు తెలుపూ ఉన్నది. అతనికి తెలిసిన తిరుగురాక కూడా ఒక్కటే, రావణుణ్ణి గెలిచి వచ్చేది. పరదాల్లో ఓడిపోయి ఎవరూ తిరిగిరారు. ఓడిపోయినవాడు పక్కకు తప్పుకుంటాడు, ఇంకో పరదా దిగుతుంది. తిరుమలరావు 'తిరిగొచ్చింది' అన్నప్పుడు అతని చేతికి వెంటనే నురగ తోచింది అందుకే.

ఆమెకు ఇది ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. ఒడ్డున నిలబడి చూసిందట. అంతే. తను పదకొండేళ్ళు నేర్చుకున్నది, ఆ పిల్ల ఒక పూట చూసి తెచ్చుకుంది.

తెల్లరంగు తీసి జిగురులో కలిపాడు. పెద్ద కుంచె ముంచాడు.

పొడిరంగుకు ఒక గుణం ఉంది. ఎండిన పొర మీద తడి పడితే కింది పొర లేచి కొత్తదానిలో కలిసిపోతుంది. అందుకే ఒక్క దెబ్బలో వేసి వదిలేయాలి, రుద్దకూడదు. ఈ సంగతి గంగులుకు చేతివేళ్ళకంటే బాగా తెలుసు. తెలిసే రుద్దాడు. కుంచె కింద ఆ బరువైన నీరు కరిగింది, కదిలింది, తెల్లదనంలో సన్నని చారలుగా తిరిగింది, పోయింది. చేతికి హాయిగా ఉంది. నలభై ఏళ్ళవాడిలా మోచెయ్యి తిరిగింది. వంకీ మీద వంకీ, సుడి పక్కన సుడి. పది గంటలకల్లా ఓడ ముందర పాలనురుగు మళ్ళీ లేచి నిలబడింది.

శ్రావణి వచ్చేసరికి అతను కుంచె కడుగుతున్నాడు. ఆమె గోడకేసి చూసింది. ఏదైనా అంటుందని గంగులు వెన్ను బిగించుకున్నాడు. అంటే చెప్పడానికి మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె వంగి, కుంచెలు కడిగిన మురికినీళ్ళ డబ్బా తీసుకుంది. బయట పారబోసి, మంచినీళ్ళు పట్టుకొచ్చి, అతని చెయ్యి అందే చోట పెట్టి వెళ్ళింది.

పరదా వేశాక ముప్పై బారల దూరం నుంచి చూడాలి. అన్నం తిన్న తరవాత గంగులు షెడ్డు తలుపులు రెండూ బార్లా తీసి, రోడ్డు అవతలకు వెళ్ళి నిలబడ్డాడు. ఒక ట్రాక్టరు వడ్ల బస్తాలతో అడ్డం వచ్చి పోయింది. దుమ్ము అణిగాక ఓడ కనిపించింది.

ఓడ పెళ్ళికి పరిగెడుతున్నట్టుంది. పైన మనుషులు తలలు వంచుకుని నిలబడ్డారు. కింద నురగ గంతులేస్తోంది. తను పదకొండు రోజులు కష్టపడి వంచిన ఆ తలలకు ఇప్పుడు అర్థం లేదు. ఎండకు తలలు వాల్చినట్టున్నారు, అంతే. పొద్దున్న, ఆ నీటి మీద ఉన్నప్పుడు, వాళ్ళు ఎందుకు తల వంచారో చూసినవాడికెవడికైనా తెలిసేది. ఆ పిల్ల తన బొమ్మను పాడుచేయలేదు. తన తలలను నిలబెట్టింది. ఆ సంగతి తెలిశాక కూడా కడుపులో మంట తగ్గలేదు. ఇంకా పెరిగింది.

గబగబా రోడ్డు దాటాడు. తలుపులు వేసుకున్నాడు. తెల్లదనం తడిగుడ్డతో అద్ది తీశాడు. నీలంలో నలుపు కలిపి వేశాడు. రాత్రి సముద్రంలా అయింది. కాస్త పసుపు వేశాడు. చెరువు పాచి వచ్చింది. తుడిచి, ఎరుపు చుక్క వేశాడు. బురద. పొద్దున్న చూసిన నీరు కళ్ళు మూసుకుంటే ఎదురుగా ఉంది. కళ్ళు తెరిస్తే లేదు. తడి ఎక్కువై గుడ్డ వదులెక్కింది. ఇంకోసారి తుడిస్తే పిండి కూడా లేచిపోతుంది. బురద కనబడకుండా కప్పాలంటే ఒక్కటే దారి. మళ్ళీ తెలుపు తీశాడు. రెండోసారి వేసిన నురగ మొదటిదానికంటే లావుగా, ముద్దగా కూర్చుంది.

బయట ఆటో ఆగింది.

గిరిబాబు సంచులు ఆటోలో సర్దుతూ నవ్వాడు. "క్వార్టరు తీసుకో, క్వార్టరు తీసుకో అని నా పేనం తోడీసినావు. ఇప్పుడేటి నాన్నా, కప్పు కూలిపోనట్టు నిలబడిపోనావు?"

"టయిమెంతయ్యింది?"

"రెండుంబావు. మూడున్నర పాసింజరు అందుకోవాల. బేగి రా శ్రావణీ!"

సాయంత్రం ఐదున్నరకు ఇంకో బండి ఉంది. గంగులుకు తెలుసు. ఒక్క గంట గుడ్డ ముందు కూర్చోమంటే ఆ పిల్ల చీర కొంగు దోపుకుని కూర్చుంటుంది. బొమ్మ పట్టుకెళ్ళడానికి సాయంత్రం తిరుమలరావు వచ్చేసరికి పైన తడి ఆరుతుంది. అడగాలి. కొడుకు ముందర, ఆటోవాడి ముందర, మరిడమ్మ ముందర.

శ్రావణి వంగి కాళ్ళకు దణ్ణం పెట్టింది. లేచి, తలుపు సందులోంచి ఒకసారి బొమ్మకేసి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

ఎప్పుడో విజయనగరంలో, అతను వేసిన నీటి ముందు గురువు చుట్ట కాలుస్తూ నిలబడి, "తడిగా ఉన్నాయిరా నీల్లు" అన్నాడు. పదకొండేళ్ళలో ఆ ఒక్క మాటే. ఆ మాట తిని గంగులు ఇన్నాళ్ళు బతికాడు. ఇప్పుడది గొంతు దాకా వచ్చింది.

"అమ్మా," అన్నాడు.

"ఏటి మావా?"

"ఆ రంగు..." ఆగాడు. "ఆ రంగు డబ్బాలకి మూతలు పెట్టినావేటి?"

"పెట్టినాను మావా."

ఆటో వెళ్ళిపోయింది. మరిడమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఇల్లు బోసిపోనాది. సంబరంగా ఉందేటి నీకు?" అని జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్ళింది.

నాలుగున్నరకు తిరుమలరావు ట్రాలీ ఆటో తెచ్చాడు. కూడా అతని మేనత్త హైమవతి వచ్చింది. అప్పలనరసింహానికి మిగిలిన ఒక్క కూతురు. డెబ్బై ఐదేళ్ళు ఉంటాయి. గంగులు కుర్చీ వేస్తే కూర్చుని, కళ్ళజోడు పమిటతో తుడిచి పెట్టుకుంది.

"అబ్బ, ఎంత జోరుగా వస్తోందో చూడత్తా ఓడ!" అన్నాడు తిరుమలరావు. "ఆ నురగ చూడు!"

ఆమె నావికులకేసి చూసింది. చాలాసేపు ఒక్కొక్క తలా చూసింది. తరవాత నీటికేసి చూసింది.

"మా నాయిన సెప్పేవోడు," అంది. "తుపాకులన్నీ దించీసి, జండా దించీసి తిరిగొచ్చినాం. ఒక్కడు మాటాడలేదు. ఓడ కింద నీరు కూడా సప్పుడు సెయ్యలేదని. ఆకర్న మంచం మీద కూడా అదే మాట. నీరు సప్పుడు సెయ్యలేదే అమ్మా అని."

గంగులు ఒక అడుగు వేసి నురగకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె తలెత్తి అతని మొహం చూసింది. ఏమనుకుందో, "బొమ్మ బాగున్నాది బాబూ," అంది. "పిల్లలు సూసేది కదా. జోరుగానే ఉండాల."

"మీరొక్కరే వేశారా మేస్టారూ? ఎవరైనా సాయం ఉన్నారా? రేపు గ్రంథాలయం మీటింగులో పేరు చెప్తాను," అన్నాడు తిరుమలరావు.

"ఎవులూ లేరు. నానొక్కడినే."

ఆ మాట అబద్ధం కాదు. గుడ్డ మీద ఆమెది ఇప్పుడు ఏమీ లేదు.

"పేరు రాయలేదేం? రాయండి మరి."

గంగులు గోడ ముందు కూర్చున్నాడు. వందలకొద్దీ పేర్లు రాసిన చెయ్యి. మూడక్షరాల పేరు రాయడానికి మూడుసార్లు కుంచె ముంచింది. మేకులు ఊడదీసి, గుడ్డను చెక్క చట్రానికి బిగించి, ముగ్గురూ పట్టుకుని ఆటోలో పెట్టారు. తాడు కట్టారు. ఓడ వెనక్కి, రోడ్డుకేసి చూస్తూ, కుదుపులతో మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

మరిడమ్మ స్నానానికి నీళ్ళు కాచుకోమంది. ఆ పని రోజూ కోడలు చేసేది. గంగులు దొడ్లోకి వెళ్ళి నీళ్ళపొయ్యి ముందు కూర్చున్నాడు. పొయ్యి పక్కన తీసి పోసిన పాత బూడిద ఎవరో చేత్తో ఎత్తినట్టు మధ్యలో గుంటగా ఉంది. పుల్లల కోసం పక్కకు చెయ్యి చాపాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పొయ్యి గట్టు మీద ఒక కొబ్బరిచిప్ప ఉంది. అందులో కాసింత నీలం, మిగతా అంతా పొయ్యి బూడిద, కలిసి ఎండి, అడుగున సన్నగా నెర్రెలు తీసి ఉంది. దాని మధ్యనుంచి అంచు దాకా రెండు వేళ్ళు తీసిన దారి.